కోళ్ళకి వరసలు పెట్టిన మనిషి

మా పెద్దమ్మ పోయింది. ఆ కబురు మాకు మనుషులు చెప్పలేదు, కోళ్ళు చెప్పాయి.

ఎండ గోడ దిగి వాకిట్లోకి వచ్చేసినా గోడకి అవతల గూట్లో కోళ్ళు అరుస్తూనే ఉన్నాయి. మా అమ్మ పాలు కాస్తూ, "ఏంటే, మీ పెద్దమ్మ ఇంకా గూడు తీయలేదా?" అంది. నేను పళ్ళు తోముకుంటూ గోడ మీంచి తొంగి చూశాను. గూటి తలుపు వేసే ఉంది. నూకల చేట అరుగు మీద ఉంది. దాని పక్కనే మంచం మీద పెద్దమ్మ గూటి వైపు తిరిగి పడుకుని ఉంది. "పెద్దమ్మా, కోళ్ళు చచ్చిపోతున్నాయి, లే" అని కేకేశాను. పలకలేదు. కనీసం తిట్టలేదు. ఆవిడ తిట్టలేదంటే ఏం జరిగి ఉంటుందో నాకు అక్కడే అర్థమైపోయింది. నోట్లో నురగతోనే గోడ దూకాను.

పెద్దమ్మ అంటే మా నాన్నగారి అన్నగారి భార్య. పెదనాన్న పోయి చాలా ఏళ్ళయింది. రావులపాలెం దాటాక కాలవగట్టు మీద ఉంటుంది మా ఊరు. ఒకే ఇంటిని మధ్యలో గోడ పెట్టి రెండు వాటాలు చేసుకున్నారు మా పెద్దవాళ్ళు. ఇవతల మేము. అవతల పెద్దమ్మ, ఆవిడ కొడుకైన మా అన్నయ్య, మా వదిన. ఆ పొద్దున్న వాళ్ళిద్దరూ ఊళ్ళో లేరు. ఆ గోడ నా నడుము ఎత్తే ఉంటుంది. నాకు తెలిసి దాని పని వాటాలు వేరు చేయడం కాదు, పోట్లాడుకునేటప్పుడు చేతులు ఆనించుకోడానికి.

పోయిన రోజే వీధి చివర ఫ్లెక్సీ కట్టారు. పెద్దమ్మ ఫోటో, చుట్టూ గులాబీలు, కింద "మమతానురాగాల మూర్తి, ఏనాడూ ఎవరినీ నొప్పించని చల్లని తల్లి" అని. ఫ్లెక్సీ షాపువాడి దగ్గర ఆ ముక్కలు రెడీగా ఉంటాయి, పేరూ ఫోటో మారుస్తాడంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. "అన్నయ్యా, ఇందులో ఫోటో తప్ప ఒక్కటీ నిజం కాదు" అన్నాను. అన్నయ్య ఏడుస్తూనే, "ఇప్పుడు కూడా గొడవేనా నీకు?" అన్నాడు. పెద్దమ్మ బతికి ఉండి ఆ ఫ్లెక్సీ చూసుంటే, నన్ను పిలిచి చదివించుకుని, "ఎవరే ఈ ముసల్ది? అచ్చం నాలాగే ఉంది" అని ఉండేది.

అందుకే ఇది రాస్తున్నాను. చచ్చిపోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలన్న రూలు ఎవరు పెట్టారో నాకు తెలీదు. పెట్టినవాళ్ళకి బతికున్నవాళ్ళ మీద జాలి లేదని మాత్రం తెలుసు. పెద్దమ్మంటే నాకు ప్రేమ. ఆవిడ చేసినవాటిలో కొన్ని ఘోరాలు. రెండూ రాస్తాను. ఒక్కటే చదవాలనుకున్నవాళ్ళు వెళ్ళి ఫ్లెక్సీ చదువుకోండి.

ముందు కోళ్ళ సంగతి. పెద్దమ్మ కోళ్ళకి పేర్లుండేవి కావు, వరసలుండేవి.

పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ చుట్టాలు ఒకళ్ళకొకళ్ళు చీరలు పెట్టుకుంటారు కదా. పెట్టినవాళ్ళ మొహం మీద పెద్దమ్మ, "ఎంత బాగుందమ్మా రంగు" అనేది. ఇంటికొచ్చి అరుగు మీద కూచుని, కవరు విప్పి, కొంగుని వెలుతురుకి పట్టేది. నచ్చిందా, బీరువాలోకి పోయేది. నచ్చలేదా, "కత్తెర తేవే" అని నన్ను కేకేసేది. కొంగు చివర వేలెడు వెడల్పున ఒక పేలిక కత్తిరించేది. ఆ వారంలో ఏ పెట్ట మొదటి గుడ్డు పెడితే దాన్ని పట్టుకుని, నుదుటన ఇంత పసుపు రాసి, కాలికి ఆ పేలిక కట్టేది. అంతే, ఆ చీర పెట్టిన మనిషి వరసే ఆ కోడి పేరు. మా మేనత్త పెట్టిన చీరైతే ఆడపడుచు. వదిన వాళ్ళమ్మగారు పెట్టిందైతే వియ్యపురాలు. మా అమ్మ అన్నయ్య పెళ్ళికి పెట్టిన చీరతో తోడికోడలు అనే పెట్ట తయారైంది. మిగిలిన చీర గూటికి తెరగానో, మసిగుడ్డగానో వెళ్ళిపోయేది.

పొద్దున్నే గూడు తీయడం ఒక కార్యక్రమం. తలుపు తీసి, చేట చంకన పెట్టుకుని, ఒక్కొక్కదాన్నే పిలిచి దింపేది. వరస పిలవకుండా ఏదైనా దిగితే మళ్ళీ లోపలికి తోసేది.

"ఆడపడుచుగారూ, దయచెయ్యండి. ముందు మీరే దిగాలి, లేకపోతే అలుగుతారు. వియ్యపురాలా, తోసుకోకమ్మా, ఇదేం మీ అమ్మాయి పెళ్ళి కాదు, ఇక్కడ అందరికీ సరిపడా వండాం. తోడికోడలా, ఒకళ్ళ నూకల్లో మూతి పెట్టకు, నీ వాటా నీకు పడేశారుగా."

ఆ ఆఖరి మాట కోడితో అనేది కాదు, మా గోడతో అనేది. మా అమ్మ ఇవతలి నుంచి ఒక గిన్నె గట్టిగా కింద పెట్టేది. అది జవాబు. కాలవ రేవుకి వెళ్ళే ఆడవాళ్ళు ఈ ముచ్చట వినడానికి మా ఇంటి ముందు నడక తగ్గించేవారు.

కార్తీక మాసమంతా మా వైపు నీసు ముట్టరు. ఆ నెల మొదలైన రోజున పెద్దమ్మ గూటి ముందు నిలబడి, "నెలపాటు కులాసాగా ఉండండర్రా. తర్వాత ఎవరి అదృష్టం వాళ్ళది" అని చెప్పేది. ఆవిడకి అదో నోము. శనివారాలు గుడ్డు కూడా ఉడకనిచ్చేది కాదు. ఆదివారం వచ్చిందంటే మాత్రం చుట్టాల్లో ఒకళ్ళు తగ్గేవారు.

ఒకసారి మా మేనత్త వచ్చింది. ఆ పూట కోడికూర. మేనత్త రెండోసారి వడ్డించుకుంటూ, "వదినా, కూర అదిరింది, ఏ కోడే ఇది?" అంది. పెద్దమ్మ తొణక్కుండా, "మీరేనండి" అంది. మేనత్త చెయ్యి గాల్లో ఆగిపోయింది. పెద్దమ్మ, "కాలు ముక్కేనా మీకు? మీరు బాగా కండపట్టారు" అని ఇంకో గరిట వేసింది. మేనత్త ఊరంతా తిరిగి తిట్టింది. తినడం మాత్రం మానలేదు.

ఇక నేను. రాజమండ్రిలో డిగ్రీ చదివే రోజుల్లో బస్సు కాంప్లెక్స్ దగ్గరా, మీటింగుల దగ్గరా ఎవరు ఏ కరపత్రం ఇచ్చినా తెచ్చుకునేదాన్ని. ఆడవాళ్ళ హక్కులు, మూఢనమ్మకాలు, కల్తీ నూనెలు, ఏదైనా సరే. ఇంట్లో ఎవరూ వినేవారు కాదు. మా నాన్నగారు పేపర్ అడ్డం పెట్టుకునేవారు. పెద్దమ్మ ఒక్కతే వినేది. చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతూ, "ఏమే లాయరూ, ఇవాళ ఏం కాగితం తెచ్చావు, చదువు" అనేది. నేను లాయర్ని కాను. అడ్డంగా మాట్లాడతానని ఆవిడ పెట్టిన పేరది. నేను ఆవేశంగా చదువుతుంటే మధ్యలో ఆపి, "ఇది రాసినోడికి అత్తగారుందేమో కనుక్కో. ఉంటే ఇంత తీరిగ్గా రాయడు" అనేది. లేకపోతే, "అక్షరాలు ముద్దుగా ఉన్నాయి. మనుషులే లేరు ఇందులో" అనేది. నాకు కోపం నషాళానికి అంటేది. కానీ రాత్రికి నిద్రపట్టక ఆ కాగితం మళ్ళీ చదువుకుంటే ఆవిడన్నది నిజమేననిపించేది. నాకు వాదించడం కాలేజీ నేర్పలేదు, ఆ బియ్యం చేట నేర్పింది.

ఆ కాలేజీకి వెళ్ళడం కూడా ఆవిడ పుణ్యమే. రోజూ అంత దూరం బస్సులో వద్దు, ఇక్కడే ఏదో ఒకటి చదవమని మా నాన్నగారు పట్టుబట్టారు. నేను అన్నం మానేసి కూచున్నాను. పెద్దమ్మ గోడ మీద చేతులు పెట్టి మా నాన్నగారిని కేకేసింది. "మరిదిగారూ, దాన్ని పంపించెయ్యండి బాబూ. అది ఇంట్లో ఉంటే మీకు శాంతి ఉండదు, నాకు నిద్ర ఉండదు. రాజమండ్రి పెద్ద ఊరు, అక్కడివాళ్ళు తట్టుకుంటారు." మా నాన్నగారు నవ్వేశారు. నవ్వాక కాదనలేకపోయారు. ఒక మంచి పని చేస్తూ కూడా నన్నో నాలుగు అనకుండా చేయలేకపోయింది మా పెద్దమ్మ.

ఇంతవరకూ చదివి మీరు నవ్వుకుని ఉంటారు. మేమూ నవ్వుకునేవాళ్ళం. ఇక్కణ్ణుంచి నవ్వురాదు.

మా వదిన పాలకొల్లు వైపు పిల్ల. మాట తక్కువ. కుట్టుమిషను మీద జాకెట్లు, ఫాల్సు కుడుతుంది. కాపరానికి వచ్చిన కొత్తలో తన కుట్టుకూలితో మొదటిసారి ఒక చీర కొని పెద్దమ్మకి పెట్టింది. ముదురాకుపచ్చ నేత చీర, సన్నటి ఎర్ర అంచు. బాగుంటుంది. నేను చూశాను, అందుకే చెప్తున్నాను. పెద్దమ్మ దాన్ని కూడా వెలుతురుకి పట్టింది. కత్తెర తెమ్మంది. పేలిక కత్తిరించి, ఇంకా గుడ్డు మొహం చూడని ఒక చిన్న నల్ల పెట్ట కాలికి కట్టింది. మిగతావాటికి గుడ్డు పెట్టాకే వరస. దీనికి ముందే. "ఇదీ నా కోడలు" అంది. వదిన గుమ్మంలో నిలబడి ఉంది.

ఆ పెట్ట గుడ్డు పెట్టలేదు.

వదినకీ పిల్లల్లేరు. ఒకటి రెండేళ్ళు చూసి, వాళ్ళమ్మగారు రాజమండ్రిలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేసి, "నీకేం లోపం లేదమ్మా, ఈసారి మీ ఆయన్ని తీసుకురా" అంది. వదిన ఇంటికొచ్చి అదే మాట చెప్పింది. పెద్దమ్మ లేచింది. "నా కొడుక్కి పరీక్షలేంటి? మా వంశంలో మగాళ్ళని ఆసుపత్రుల్లో నిలబెట్టలేదు" అంది. అన్నయ్య తల వంచుకుని, "అమ్మ వద్దంటోంది కదా" అన్నాడు. అంతే. ఇంత ఎత్తు మనిషి, మినీ లారీ నడుపుతాడు, ఆ వాక్యం వెనక దాక్కున్నాడు.

ఆ మర్నాటి నుంచి గూడు తీసే కార్యక్రమానికి ఆఖర్న ఒక కొత్త మాట చేరింది. గూట్లో చెయ్యి పెట్టి తడిమి, కాలవ రేవు దాకా వినపడేలా, "కోడలు ఇవాళా పెట్టలేదర్రా!" అనేది పెద్దమ్మ. దారిన పోయేవాళ్ళు కిసుక్కుమనేవారు. లోపల కుట్టుమిషను ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలయ్యేది. ప్రతి రోజూ. పండక్కీ సెలవు లేదు. అన్నవరంలో వ్రతం చేయించుకుందామని వదిన వాళ్ళమ్మగారు ఫోన్ చేస్తే, పెద్దమ్మ ఫోన్ లాక్కుని, "అలాగే వెళ్దామండి. మా నల్ల పెట్టని కూడా కొండెక్కిస్తాను, రెండిటికీ ఒకటే ప్రసాదం సరిపోతుంది" అంది. వియ్యపురాలు అవతల ఏడ్చింది.

నేనూరుకోలేదు. పిల్లలు పుట్టకపోతే కారణం ఆడదే కానక్కర్లేదు, భర్తకీ పరీక్ష చేయించాలి అని రాసిన కరపత్రం ఒకటి దొరికితే, తీసుకెళ్ళి బియ్యం చేట ముందు కూచుని గట్టిగా చదివాను. పెద్దమ్మ చెయ్యి ఆగింది. "మళ్ళీ చదువు" అంది. నెగ్గానని సంబరపడి మళ్ళీ చదివాను.

ఆవిడ ఒక రాయి ఏరి వాకిట్లోకి విసిరింది. "ఇది నాకు తెలీదనుకున్నావా? మీ అన్నయ్య నాకు పెళ్ళైన వెంటనే పుట్టాడనుకుంటున్నావా? ఎన్నాళ్ళకి పుట్టాడో మీ నాన్ననడుగు. అన్నాళ్ళూ మా అత్తగారు నన్ను ఏం పిలిచేదో నీ కాగితంలో రాశారా?"

"మరి తెలిసుండీ వదిన్ని ఎందుకంటావు?"

"నేను పడ్డాను. అది పడదా?"

అంత మామూలుగా అంది. కోపంలో అన్నా బాగుండేది. నేను లేచి, "నువ్వు మనిషివి కాదు పెద్దమ్మా" అని వచ్చేశాను. మాట్లాడ్డం మానేశాను. పెద్దమ్మకి ఒక పుంజు ఉండేది, నా పాత చున్నీ పేలిక కాలికి కట్టుకుని తిరిగేది. దాని పేరు లాయరు. వేళాపాళా లేకుండా కూసేది కాబట్టి. ఆ ఆదివారం వదిన గోడ మీదుగా మూత పెట్టిన గిన్నె ఇచ్చి, నేల చూస్తూ, "అత్తయ్యగారు ఇమ్మన్నారు. లాయర్ని కోశాం, కూత లేని లాయరు ఎందుకని... అలా చెప్పమన్నారు" అంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. కూర తిన్నాను. బాగుంది. మర్నాడు వెళ్ళి మళ్ళీ పోట్లాట మొదలుపెట్టాను.

ఇది ఇలా జరుగుతుండగా ఒక పొద్దున్న మా అమ్మకీ పెద్దమ్మకీ గోడ మీద యుద్ధమొచ్చింది. పెద్దమ్మ కోళ్ళు మా కొత్తిమీర మడి గీరేశాయి.

"నీ మందని కట్టేసుకో అక్కా! మొక్క మిగల్లేదు."

"మడికి దడి కట్టుకోవే. నా కోళ్ళు నీ కొత్తిమీర కోసం రావు. నీలాగే, ఊరికే పక్కింట్లో ఏముందో చూద్దామని వస్తాయి."

"చూడ్డానికి రావడం లేదు, కనడానికి వస్తున్నాయి! నీ నల్ల పెట్ట రోజూ మా గడ్డివాములో గుడ్డు పెట్టి పోతోంది. కావాలంటే రా, చూపిస్తాను!"

అమ్మ నోరు జారింది. నేను తిరిగి చూశాను. రోజూ పొద్దున్న మేం తింటున్న అట్టులోని గుడ్డు ఎక్కడిదో నాకు అప్పుడు తెలిసింది. రోజూ "కోడలు పెట్టలేదర్రా" అన్న కేక వింటూనే, ఇవతల మా అమ్మ ఆ గుడ్డు పగలగొట్టి పెనం మీద వేసింది. ఒక్క మాట, ఒక్క గుడ్డు గోడ మీద పెట్టి ఉంటే ఆ కేక ఆగిపోయేది. మా అమ్మ మంచిదని ఊళ్ళో అందరూ అంటారు.

నేను పరిగెత్తి గడ్డివాములో వెతికితే వెచ్చటి గుడ్డు దొరికింది. తెచ్చి గోడ మీద పెట్టాను. "చూశావా పెద్దమ్మా? పెడుతోంది!" అన్నాను. ఇక ఏం మాట్లాడుతుంది అనుకున్నాను. పెద్దమ్మ గుడ్డుని చూసింది. రేవుకెళ్ళే నలుగురు ఆగారు. ఆవిడ వాళ్ళ వైపోసారి చూసి, నవ్వి, "అయితే మా కోడలికి మా ఇల్లు పనికిరాలేదన్నమాట. పెడితే పక్కింట్లోనే పెడుతుందన్నమాట" అంది.

ఎవరూ నవ్వలేదు. ఆ మాట కోడి గురించి కాదని అందరికీ అర్థమైంది.

కుట్టుమిషను ఆగింది. ఈసారి మళ్ళీ మొదలవలేదు. వదిన బయటికొచ్చింది. వాకిట్లో తిరుగుతున్న నల్ల పెట్టని పట్టుకుంది, చంకలో ఇరికించుకుంది, కాలికున్న ఆకుపచ్చ పేలిక ముడి విప్పింది. బిగుసుకుపోయిన ముడి, పంటితో విప్పింది. కోడిని వదిలేసి పెద్దమ్మ ఎదురుగా నిలబడింది.

"ఇది మీకు కొన్న చీరండి అత్తయ్యగారూ. కోడికి కాదు."

లోపలికెళ్ళి బీరువా కింద అరలోంచి మిగిలిన చీర తీసింది. మిగతావాటిలా అది మసిగుడ్డ కాలేదు, ఎందుకనో అక్కడే ఉంది. ఆ పేలిక ఉతికి, ఇస్త్రీ చేసి, చీరకి తిరిగి అతికి కుట్టింది. మధ్యాహ్నమంతా మిషను ఆగకుండా నడిచింది. సాయంత్రం మడతపెట్టి పెద్దమ్మ మంచం మీద పెట్టింది. పెద్దమ్మ కొంగు విప్పి కుట్టు మీద వేలితో రాసి చూసింది. "కుట్టు బాగుంది" అంది. బీరువాలో పై అరలో పెట్టింది. పోయేదాకా ఆ చీర కట్టుకోగా ఎవరూ చూడలేదు.

మర్నాటి నుంచి ఆ కేక వినపడలేదు. నల్ల పెట్టకి వరస లేకుండా పోయింది. అన్నీ దిగాక ఆఖర్న, పిలుపు లేకుండానే దిగేది. ఇక్కడ ఆపేస్తే పెద్దమ్మ మారిపోయిందని మీరనుకుంటారు. మారలేదు. అన్నయ్యకి పరీక్ష మాటెత్తితే, "నేను పోయాక చేయించుకోండి. నా కళ్ళముందు వద్దు" అనేది. అలా అనే ఏళ్ళు గడిపేసింది. వదిన వయసులోంచి ఆ ఏళ్ళు తీసుకుంది. వాటిని ఏ మిషను మీదా తిరిగి కుట్టలేం. అది నేను క్షమించలేదు, రాయడం కోసం క్షమించినట్టు నటించను.

పోయిన రోజు చుట్టాలందరూ వచ్చారు. ఒక్కొక్కళ్ళూ పెద్దమ్మ మీద చీర కప్పారు. మేనత్త పట్టుచీర తెచ్చింది, ధగధగలాడే జరీ. జీవితంలో మొదటిసారి ఆవిడ పెట్టిన చీరని పెద్దమ్మ వెలుతురుకి పట్టి చూడలేకపోయింది. అందరిదీ అయ్యాక వదిన బీరువా తీసింది. ఆ ఆకుపచ్చ చీర తెచ్చింది. మడత మారి ఉంది. పెద్దమ్మ ఎప్పుడో విప్పి చూసుకున్నట్టుంది. కట్టుకుందేమో తెలీదు. కట్టుకుందని నేను రాయను.

వదిన ఆ చీర అన్నిటికీ పైన, అతుకు కనపడేలా కప్పింది.

మేనత్త గుండెలు బాదుకోవడం ఆపి, "అదేంటమ్మాయ్, చిరిగిన చీర కప్పుతావా? అపచారం" అంది.

"చిరగలేదండి. చింపారు. నేను కుట్టాను."

అన్నయ్య వచ్చి, "తీసెయ్యి, అందరూ చూస్తున్నారు" అన్నాడు గొంతు తగ్గించి. వదిన తీయలేదు. పెద్దమ్మ పాదాల దగ్గర కొంగు సర్దుతూ, "ఒక్కసారీ కట్టుకోలేదు కదండి. కప్పుకునైనా వెళ్ళండి" అంది. అది ప్రేమో కసో నన్నడక్కండి. పెద్దమ్మనడిగితే చెప్పేది. ఆ మాట విని ఉంటే, "ఇన్నాళ్ళకి నోరొచ్చిందే దీనికి" అని తప్పకుండా మెచ్చుకునేది. అలాగే ఆ చీరతోనే కాలవగట్టు మీదుగా తీసుకెళ్ళారు.

పెద్దకర్మ అయ్యాక చుట్టాలు నీసు వండుకుని తిని వెళ్ళడం మా వైపు ఆనవాయితీ. ఇంటి కోళ్ళున్నాయిగా, కోసేద్దామన్నారు. గూటి దగ్గరికి అందరూ వెళ్ళారు. అక్కడ మొదలైంది అసలు తద్దినం. మేనత్త తన చీర పేలిక ఉన్న కోడిని చూసి, "దీన్నొద్దు, ఇది ముదురు, ఉడకదు" అంది. పాత ఆడపడుచు కూరైపోయాక పెద్దమ్మ ఆ వరసకి ఇంకో పెట్టని నియమించింది మరి. వదిన వాళ్ళమ్మగారు వియ్యపురాల్ని చీర చాటున దాచారు. తోడికోడల్ని ఎవరో పట్టుకోబోతే మా అమ్మ, "వదిలెయ్యండి, అది గుడ్లు పెట్టేది" అని అరిచింది. గుడ్ల సంగతి మా అమ్మకి బాగా తెలుసు. చివరికి మేనత్తే, "ఆ నల్లదుందిగా, పెట్టనిది" అంది.

వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అది పెడుతుందండి. పెట్టేదో కాదో తెలీకుండా ఎవర్నీ కొయ్యకండి" అంది. తర్వాత అందరి ముందూ అన్నయ్య వైపు తిరిగింది. "అత్తయ్యగారు తను పోయాక చేయించుకోమన్నారు. పోయారు. సోమవారం రాజమండ్రి వెళ్దాం."

అన్నయ్య చుట్టూ చూశాడు. ఈసారి ముందు నిలబడ్డానికి వాళ్ళమ్మ లేదు. "సరే" అన్నాడు, కోళ్ళకే వినపడేంత మెల్లగా. ఆ పూట బజారు నుంచి బాయిలర్ కోళ్ళు తెప్పించుకుని తిన్నారు. కూర చప్పగా ఉందని ప్రతి ఒక్కళ్ళూ అన్నారు. ఎవరి రుచీ లేదు మరి అందులో.

సోమవారం పొద్దున్న నేను గోడ దగ్గర నిలబడి ఉన్నాను. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర, చెప్పులు తొడుక్కుని, ఏదో తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు. వదిన వెళ్తూ వెళ్తూ గూడు తలుపు తీసింది. నూకలు చల్లింది. ఒక్క కోడీ దిగలేదు. వరస పిలవందే దిగితే లోపలికి తోస్తారని వాటికి తెలుసు. పెద్దమ్మ పోయినప్పట్నుంచీ ఎవరో ఒకళ్ళు వాటిని లాగి బయట వేస్తున్నారు. గుమ్మంలో గుంపుగా నిలబడి మెడలు చాచి చూస్తున్నాయి. బస్సు వేళవుతోంది. అన్నయ్య, "తోసెయ్యి బయటికి" అన్నాడు.

వదిన తోయలేదు. వంగి, అన్నిటికంటే వెనక ఉన్న పెద్ద తెల్ల పెట్టని చూసింది. ముసలిది. గూట్లో ప్రతిదాన్నీ పొడుస్తుంది. దానికి ఎప్పుడూ ఏ వరసా ఉండేది కాదు, ఏ పేలికా ఉండేది కాదు. ఇప్పుడు దాని కాలికి ఒక గళ్ళ పేలిక ఉంది. పెద్దమ్మ రోజూ కట్టే ముతక చీర గళ్ళు. వదిన ఎప్పుడు కట్టిందో నేను చూడలేదు.

"అత్తయ్యగారూ, మెల్లగా దిగండి" అంది వదిన, కాలవ రేవు దాకా వినపడేలా. "మీ అబ్బాయిగార్ని ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను."

పెద్దమ్మ పోయాక నేను నవ్వడం అదే మొదటిసారి. నవ్వుతూ నవ్వుతూ గోడ మీద తల ఆనించి ఏడ్చాను. తలెత్తేసరికి వాళ్ళిద్దరూ కాలవగట్టు ఎక్కేశారు, ముందు వదిన, వెనక అన్నయ్య. తెల్ల పెట్ట ఒక్కటే నూకల దగ్గరికి పోకుండా, గళ్ళ పేలిక కట్టిన కాలు పైకెత్తుకుని, గేటు వైపు చూస్తూ నిలబడి ఉంది.